బేబ్ డిడ్రిక్‌సన్ పాత సామాను కొన్నా: ఏది వర్త్, ఏది వేస్ట్

ముందే చెప్తున్నా, నేను కలెక్టర్‌ని కాదు. మా ఇంట్లో పాత వస్తువు అంటే పెళ్ళికి అమ్మ పెట్టిన ఇత్తడి బిందె ఒక్కటే, అది కూడా గరాజ్‌లో ఉంది. డాలస్ పక్కన ఉంటాం. మా అమ్మాయి సెవెన్త్ గ్రేడ్‌లో స్కూల్ ట్రాక్ టీమ్‌లో చేరి హర్డిల్స్ అంటూ రోజూ మోకాళ్ళు చెక్కుకుని ఇంటికి రావడం మొదలెట్టాక, పుట్టినరోజుకి మళ్ళీ షూసూ హెడ్‌ఫోన్సూ కాకుండా ఏదైనా వేరేది ఇద్దామని వెతుకుతుంటే బేబ్ డిడ్రిక్‌సన్ పేరు తగిలింది. ఆ పిచ్చి ఆరు నెలలు నడిచింది. నాలుగు వస్తువులు కొన్నా, ఒకదాంట్లో నిండా మునిగా, ఒకటి మాత్రం ఇప్పటికీ రోజుకోసారి తీసి చూసుకుంటున్నా. మీలో ఎవరికైనా ఇలాంటి దురద పుడితే పనికొస్తుందని రాస్తున్నా.

ఆవిడెవరో తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి, ఎందుకంటే నాకూ తెలీదు, పదిహేనేళ్ళుగా టెక్సస్‌లో ఉంటూ కూడా. అసలు పేరు మిల్‌డ్రెడ్, 1911లో ఇక్కడే పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది, బోమాంట్‌లో పెరిగింది, అమ్మానాన్నలు నార్వే నుంచి వచ్చినవాళ్ళు. డాలస్‌లో ఎంప్లాయర్స్ క్యాజువాల్టీ అనే ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం, పేరుకి టైపింగు, అసలు పని కంపెనీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఆడటం. మన దగ్గర రైల్వే వాళ్ళు, బ్యాంకు వాళ్ళు స్పోర్ట్స్ కోటాలో తీసుకున్నట్టే అన్నమాట. 1932లో ఇల్లినాయ్‌లోని ఎవాన్‌స్టన్‌లో అథ్లెటిక్స్ నేషనల్ మీట్ జరిగితే ఆ కంపెనీ "టీమ్" కింద ఈవిడ ఒక్కత్తే వెళ్ళింది. ఒక ఈవెంట్ అయ్యీ కాగానే ఇంకోదానికి పరిగెత్తుకుంటూ మొత్తం ఎనిమిదింట్లో పాల్గొని 30 పాయింట్లతో టీమ్ టైటిల్ కొట్టింది, రెండో ప్లేస్ వచ్చిన క్లబ్బుకి 22 పాయింట్లు, ఆ క్లబ్బులో అమ్మాయిలు 22 మంది!! ఇది చదివి నేను మా ఆయన్ని లేపి మరీ చెప్పా, ఆయన ఊఁ అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ వెంటనే లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. ఆడవాళ్ళు ఒక్కొక్కరు మూడు ఈవెంట్లకి మించి దిగకూడదని అప్పట్లో రూలు, దిగిన మూడింట్లోనూ మెడల్ పట్టుకొచ్చింది. 80 మీటర్ల హర్డిల్స్ గోల్డ్, జావెలిన్ గోల్డ్, హైజంప్‌లో గోల్డ్ వచ్చిన అమ్మాయితో సమానంగా ఎగిరి కూడా కర్ర మీంచి తల ముందు దాటించావని సిల్వర్. తర్వాత గోల్ఫ్‌కి మారింది, అక్కడా అదే కథ, యూఎస్ విమెన్స్ ఓపెన్ మూడుసార్లు గెలిచింది. ఇంత చేస్తే న్యూయార్క్ కాలమిస్టు ఒకాయన, ఇలాంటి ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని ముస్తాబై ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూసుకుంటే బావుణ్ణు అన్న అర్థంలో రాశాడు. మా మేనత్త కూడా దాదాపు ఇదే అంటుంది, ఫోన్ బదులు సంబంధం అంటుంది.

సరే, సరుకు దగ్గరకి వద్దాం.

మొదట కొన్నది ఫ్రేమ్. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర, పేరు రాయను, ఇప్పటికి అకౌంట్ మార్చేసి ఉంటాడు కూడా. నల్ల చెక్క ఫ్రేమ్, లోపల 1932 నాటి హర్డిల్స్ ఫోటో, దాని మీద నీలం రంగు సంతకం, కింద ఇత్తడి రేకు మీద పేరు, పక్కన బంగారు స్టిక్కర్ అతికించిన సర్టిఫికెట్. 89 డాలర్లు, షిప్పింగ్ వేరే. వచ్చిన రోజు హాల్లో మేకు కొట్టి తగిలించి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశా, అందరూ నమస్కారాలూ చప్పట్లూ పెట్టారు.

మూడు రోజుల తర్వాత మా అమ్మాయే అడిగింది, అమ్మా ఇది షార్పీతో చేసిన సంతకంలా ఉంది కదా, వీళ్ళకి అప్పుడు షార్పీ ఉండేదా అని. లావుగా, అంచుల దగ్గర కొద్దిగా ఊదా మెరుపు, మేము అమెజాన్ డబ్బాల మీద రాసే పెన్ను ఎలా పడుతుందో అచ్చం అలాగే. వెతికితే షార్పీ మార్కర్ మార్కెట్లోకి వచ్చింది 1964లో. బేబ్ పోయింది 1956 సెప్టెంబర్‌లో. అక్కడితో ఆగినా బావుండేది. సంతకం "బేబ్ జహారియస్" అని ఉంది, ఆవిడ జార్జ్ జహారియస్ అనే రెజ్లర్‌ని పెళ్ళి చేసుకుంది 1938 డిసెంబర్‌లో. ఫోటో ఏమో 1932ది. అంటే ఆరేళ్ళ తర్వాత అయినా చేసి ఉండొచ్చు, పాత ఫోటో మీద సంతకం పెట్టడం తప్పేం కాదు, కానీ పెన్ను మాత్రం ఆవిడ పోయిన ఎనిమిదేళ్ళకి గానీ పుట్టలేదు కదా. ఫ్రేమ్ వెనక విప్పి చూద్దామంటే బ్రౌన్ పేపర్ వేసి చుట్టూ జిగురు పెట్టి సీల్ చేశాడు, చించితే రిటర్న్ తీసుకోనని చీటీ కూడా అంటించాడు. అప్పుడు అర్థమైంది ఆ చీటీ దేనికో. చించా. వెనక తళతళలాడే ఫోటో ప్రింటర్ పేపర్, కంపెనీ లోగో వరుసగా అచ్చేసి ఉంది.

పదకొండు మెసేజ్‌లు పెడితే సగం డబ్బు ఇస్తానన్నాడు, ఫోటోలతో కంప్లైంట్ పెట్టాక మొత్తం ఇచ్చాడు. ఫ్రేమ్ మాత్రం వెనక్కి తీసుకోలేదు, అందులో ఇప్పుడు మా అత్తగారి తిరుపతి ఫోటో ఉంది, ఫ్రేమ్ క్వాలిటీ నిజంగా బావుంది, దానికి మాత్రం నాలుగు స్టార్లు.

ఒక మాట. సంతకం ఉన్నది కొనాలంటే ఆ బంగారు స్టిక్కర్ సర్టిఫికెట్లని చూసి నమ్మకండి, అవి ఎవరైనా ఇంట్లో ప్రింట్ చేసుకోవచ్చు. సంతకాలు పరీక్షించడమే పనిగా పెట్టుకున్న బయటి కంపెనీలు ఉన్నాయి, వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ నంబర్ వాళ్ళ సైట్‌లో కొట్టి చూసుకోవాలి. అంత బడ్జెట్ లేకపోతే సంతకం జోలికే వెళ్ళకపోవడం మంచిది, నా మాట వినండి.

రెండోది కార్డు. ఈవిడ సామాన్లలో అందరూ పడిచచ్చేది ఇదే. 1933లో బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ "స్పోర్ట్ కింగ్స్" అని బబుల్‌గమ్‌తో పాటు ఇచ్చిన కార్డుల సెట్, మొత్తం 48, బేబ్ నంబర్ 45. మన చిన్నప్పుడు బిగ్‌ఫన్ బబుల్‌గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి చూడండి, అలాంటివే, కాకపోతే తొంభై ఏళ్ళ నాటివి. పేరేమో స్పోర్ట్ కింగ్స్, అంటే రాజులు, ఆ రాజుల మధ్య వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది ఆడవాళ్ళు. అదే సెట్లో బేస్‌బాల్ స్టార్ బేబ్ రూత్ ఉన్నాడు, టార్జాన్ సినిమాల్లో వేసిన స్విమ్మర్ వైస్‌ముల్లర్ ఉన్నాడు. చిన్నప్పుడు మగపిల్లలతో బేస్‌బాల్ ఆడుతూ సిక్సర్లలా హోమ్ రన్లు కొడితే బేబ్ రూత్ పేరు పెట్టేశారని ఈవిడ చెప్పుకునేది, కాదు చిన్నప్పటి నుంచి అమ్మ ముద్దుగా పిలిచే పేరే అని ఇంట్లోవాళ్ళు అనేవాళ్ళు. ఏదైనా ఇద్దరు బేబ్‌లూ ఒకే డబ్బాలో ఉన్నారు.

ఒరిజినల్‌ని నేను ఇక్కడ అలెన్‌లో జరిగే కార్డ్ షోలో చూశా. ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి, ఎంత బాగుందో మార్కు అంటే గ్రేడ్ వేసినది, మూలలు నాలుగూ అరిగిపోయి, మధ్యలో వెంట్రుకంత మడత. ధర నాలుగంకెలు, మొదటి అంకె ఒకటి కాదు. అమ్మే పెద్దాయన చాలా మంచివాడు, కొనేదాన్ని కాదని మొహం చూస్తేనే తెలిసిపోయినా చేతికిచ్చి చూడమన్నాడు. ఇప్పటి కార్డుల కన్నా పొట్టిగా ఉంటుంది, ఎత్తు మూడంగుళాలు కూడా లేదు, బొమ్మ ఫోటో కాదు గీసి రంగులేసినది. వెనక్కి తిప్పితే నంబరూ, ఆవిడ గురించి ఒక పేరా. ఆ పేరా మీద ఎవరో పిల్లాడి బొటనవేలి మరక లాంటిది ఉంది, దానివల్లే గ్రేడ్ తగ్గిందని ఆయన బాధపడుతున్నాడు, నాకేమో ఆ మరక కోసమే కొనాలనిపించింది, డబ్బుల్లేవు కాబట్టి తేలిగ్గా అనిపించింది లెండి.

నేను కొన్నది 9 డాలర్ల రీప్రింట్. ఇది మోసం కాదు, రీప్రింట్ అని చెప్పే అమ్మారు, కానీ ఇలాంటివే కాఫీ నీళ్ళలో ముంచి మూలలు గోకి ఒరిజినల్ అని అమ్మేవాళ్ళు ఉన్నారట, అందుకని తేడా ఎలా పట్టాలో ఆ పెద్దాయనే నేర్పాడు. రెండు సామాన్లు చాలు. కంసాలి కంటికి పెట్టుకునే లాంటి భూతద్దం ఒకటి, 8 డాలర్లకి వస్తుంది, నల్ల లైట్ (అంటే అల్ట్రావయొలెట్) టార్చ్ ఒకటి, 11 డాలర్లు. భూతద్దంతో అక్షరాల దగ్గర చూడండి, ఒరిజినల్‌లో నల్ల అక్షరం గట్టి సిరాతో నిండుగా ఉంటుంది, ఫోటో తీసి మళ్ళీ అచ్చేసిన దాంట్లో అక్షరం కూడా చుక్కలు చుక్కలుగా, ముగ్గు పెట్టినట్టు విడిపోతుంది. ఇక లైట్లన్నీ ఆపి నల్ల టార్చ్ వేస్తే, పాత అట్ట మందకొడిగా అలా ఉండిపోతుంది, కొత్త కాగితం రాణిపాల్ పెట్టిన పంచెలా నీలంగా వెలిగిపోతుంది. ఊరికే పోలిక కోసం అనట్లేదు, కాగితం తెల్లగా కనబడాలని కలిపేది కూడా ఆ జాతి మందే, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక గానీ కాగితాల్లోకి రాలేదు. మా రీప్రింట్ మీద వేస్తే రూమంతా వెలుగే. తర్వాత మా అమ్మాయి ఆ టార్చ్ పట్టుకుని ఇల్లంతా తిరిగి సోఫా మీద మరకలన్నీ కనిపెట్టింది, అది వేరే గొడవ.

రీప్రింట్‌కి రేటింగ్ అంటే, 9 డాలర్లకి పర్లేదు, పిల్లలకి చూపించడానికి బావుంది, దాచుకోవడానికి ఏం లేదు.

మూడోది చవకైనది, అసలు ఎవ్వరూ పట్టించుకోనిది. 1981 సెప్టెంబర్ 22న అమెరికా పోస్టల్ వాళ్ళు బేబ్ జహారియస్ మీద 18 సెంట్ల స్టాంప్ వేశారు, గోల్ఫర్ బాబీ జోన్స్ స్టాంప్‌తో కలిపి, నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ అనే గోల్ఫ్ ఊళ్ళో రిలీజ్. ఆ రోజు ముద్ర కొట్టిన ఫస్ట్ డే కవర్ నాకు 4 డాలర్లకి వచ్చింది, షిప్పింగ్ డాలరున్నర. చెప్తే నమ్మరు, స్టాంపుల వాళ్ళు వాడే స్కాట్ కేటలాగ్‌లో ఈ స్టాంప్ నంబర్ 1932. ఆవిడ ఒలింపిక్స్ సంవత్సరం! కావాలని పెట్టింది కాదు, వరసలో అలా పడింది.

స్టాంప్ ఊదా రంగు, గీతలు చెక్కి అచ్చేసినది, వేలితో మెల్లగా రాస్తే సిరా గరుకు తగులుతుంది. కవర్ మీద అడ్రస్ పెన్సిల్‌తో ఎవరో ముసలి చేతిరాత, వణుకుతున్నట్టు, తర్వాత చెరిపేసుకోవచ్చని పెన్సిల్‌తో రాస్తారట, చెరపలేదు. ఇంకోటి, 18 సెంట్లు అప్పటి మామూలు ఉత్తరం రేటు, ఆ నవంబర్ 1 నుంచి 20 సెంట్లు చేసేశారు, అంటే పాపం ఈ స్టాంప్ ఒక్కటీ అంటించి ఉత్తరం వేసే యోగం నలభై రోజులే. తర్వాత పక్కన ఇంకో రెండు సెంట్లు అంటించాల్సిందే. 4 డాలర్లకి ఇంత కథ వస్తుంటే ఇంకేం కావాలి. ఒకటే కంప్లైంట్, పంపినవాడు అట్ట పెట్టకుండా ఉత్త కవర్లో వేసి పంపాడు, ఒక మూల వంగింది. కొనేముందు అట్ట పెట్టి పంపమని మెసేజ్ పెట్టండి, చాలామంది పెడతారు.

ఇక నాలుగోది. ప్రెస్ ఫోటో. ఇవి ఉంటాయని కూడా నాకు తెలీదు. పాత పేపర్ ఆఫీసులు మూతపడ్డప్పుడో, కంప్యూటర్లోకి ఎక్కించేశాకో బీరువాల్లో ఉన్న ఫోటోలన్నీ అమ్మేస్తాయి, అవి తిరిగి తిరిగి ఇలా బయటకి వస్తాయి. సంతకాలుండవు, ఫ్రేములుండవు, అందుకే పెద్ద పోటీ కూడా ఉండదు. 38 డాలర్లు పెట్టి కొన్నా, సెల్లర్ ముందూ వెనకా రెండు ఫోటోలూ పెట్టాడు, నేను వెనక ఫోటో చూసే కొన్నా.

ముందువైపు నలుపూ తెలుపూ, గోల్ఫ్ డ్రెస్‌లో బేబ్, చుట్టూ నలుగురైదుగురు జనం. ఆ జనం మీద నారింజ రంగు మైనం పెన్సిల్‌తో అడ్డగీతలు, ఆవిడ ఒక్కదాని చుట్టూ చతురస్రం, అంటే ఇంతే వెయ్యండి అని ఎడిటర్ ప్రెస్సుకి చెప్పడం. గీత గీసినప్పుడు చెయ్యి జారినట్టుంది, ఆవిడ మోచెయ్యి కొంచెం బయటకి పోయింది, ఆ రోజు పేపర్లో మోచెయ్యి లేకుండానే పడి ఉంటుంది. వెనక్కి తిప్పితే జిగురు పెట్టి అంటించిన సన్నని కాగితం చీటీ, టైపు కొట్టిన క్యాప్షన్, కింద రబ్బరు స్టాంప్, 1954 జూలై 4.

తేదీ చూసి నేను కుర్చీలో కూలబడ్డా. ముందు సంవత్సరం, 1953లో, ఆవిడకి పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసి బోమాంట్‌లో ఆపరేషన్ చేశారు, మలం పోవడానికి పొట్ట పక్కన సంచి పెట్టారు. అప్పటికి నలభై దాటింది. ఇక గోల్ఫ్ అయిపోయినట్టే అనుకున్నారు. పద్నాలుగు పదిహేను నెలలు తిరిగేసరికి మసాచుసెట్స్‌లో పీబడీ ఊళ్ళో యూఎస్ విమెన్స్ ఓపెన్, ఆ సంచితోనే ఆడి 12 స్ట్రోకుల తేడాతో గెలిచింది. జూలై 3న. ఈ ఫోటో తెల్లారి డ్యూటీలో ఉన్న ఎవరో స్టాంప్ కొట్టి ఫైల్లో పడేసింది. చీటీలో "మిసెస్ జహారియస్" అనే రాశారు, బేబ్ అని కూడా లేదు. జబ్బు మాట కూడా ఉంది, దాచలేదు, ఆవిడే దాచనివ్వలేదు, క్యాన్సర్ పేరెత్తడానికే భయపడే రోజుల్లో బయటకి చెప్పుకుని విరాళాలు పోగుచేసింది.

మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌ని చుట్టాలకి కూడా చెప్పకుండా "గ్యాస్ ట్రబుల్" అని రెండేళ్ళు లాక్కొచ్చాం మేము, అది ఎందుకో ఆ రాత్రంతా గుర్తొచ్చింది. ఇది రివ్యూలో రాయాల్సింది కాదేమో, ఉండనివ్వండి.

ప్రెస్ ఫోటో కొనేవాళ్ళకి ఒకటే చెప్తా, వెనకవైపు ఫోటో పెట్టని సెల్లర్ దగ్గర కొనకండి. ముందు బొమ్మని ఎవడైనా ప్రింట్ తియ్యగలడు. వెనక ఆ ఎండిపోయిన జిగురు, వంకర స్టాంప్, ఎవడో కాఫీ కప్పు పెట్టిన వలయం, ఇవి తెచ్చిపెట్టడం కష్టం. నాకు మంచి సెల్లరెవరో తెలిసింది కూడా వెనకవైపు దగ్గరే, ఫ్రేమ్ వాడు వెనక చూడనివ్వలేదు, కార్డు పెద్దాయన చేతికిచ్చి తిప్పమన్నాడు. దాచడానికి మామూలు ప్లాస్టిక్ ఫోల్డర్లు వద్దు, ఫోటోకి అతుక్కుంటాయి, యాసిడ్ లేని కవర్లని దొరుకుతాయి, పాతిక కవర్లు పది డాలర్ల లోపే.

బోమాంట్‌లో ఆవిడ పేరు మీద మ్యూజియం ఉంది, ఐ-10 హైవే పక్కనే, ఉచితం. హ్యూస్టన్ వాళ్ళకి గంటన్నర, మాకు నాలుగున్నర గంటల పైన డ్రైవ్. ట్రోఫీలూ మెడల్సూ చూడొచ్చు, చిన్నది, గంటలో అయిపోతుంది. న్యూ ఆర్లీన్స్ వెళ్తూ ఆగితే సరే, దానికోసమే అయితే పులిహోర కట్టుకుని వెళ్ళండి.

పుట్టినరోజుకి ఫోటోనే ఇచ్చా. మా అమ్మాయి వెనకవైపు చీటీ చదివి, హర్డిల్స్ ఫోటో దొరకలేదా అంది ముందు, తర్వాత తన డెస్క్ మీద పెట్టుకుంది. శ్రీకాకుళంలో మా నాన్నకి వాట్సాప్ వీడియోలో చూపిస్తే ఆయన, ఓసోస్ ఇదేటమ్మా, నా దగ్గర మల్లీశ్వరి పేపరుంది కదా అన్నాడు. కరణం మల్లీశ్వరి, మా పక్క ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో మెడల్ కొట్టిన మొదటి భారతీయ మహిళ. ఆ మర్నాటి పేపర్ మొదటి పేజీ నాన్న ట్రంకు పెట్టెలో పాతికేళ్ళుగా ఉంచాడట, నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. తీసి చూపించాడు, తమలపాకు ఎండినట్టు గోధుమ రంగులోకి వచ్చేసింది, మడత దగ్గర చిరిగి సెల్లో టేప్ వేశాడు, ఆ టేపూ పసుపైపోయింది.

నాన్నా వెనక్కి తిప్పు, అన్నా. అలవాటైపోయింది కదా. తిప్పాడు. చిట్‌ఫండ్ ప్రకటన, దాని పక్కన తెల్లగా ఉన్న జాగాలో నీలం సిరాతో వర్గ సమీకరణాలు, నా టెన్త్ క్లాస్ చేతిరాత. మా అమ్మాయి ఫోన్ లాక్కుని జూమ్ చేసి చూసి, అమ్మా మూడోది తప్పు చేశావు అంది.